ఈళ్ళు ఊరికెప్పుడు పోతరు?

పోయిన దసరాకు వనపర్తి దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు మా చిన్నాయనకు 'మట్టి మనుషులు' చూపించాను. బి. నర్సింగరావు 1990లో తీసిన సినిమా. ల్యాప్‌టాప్‌లో, రంగులు వెలిసిన ప్రింటు. చిన్నాయన వయసులో ఉన్నన్నాళ్ళూ గుంపు మేస్త్రి వెంట తిరిగినవాడు. హైదరాబాదు, పూణె, బొంబాయి. తాను పనిచేసిన బిల్డింగుల పేర్లు ఆయనకు తెలియవు, ఎన్ని అంతస్తులో మాత్రం తెలుసు. సినిమా సగం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నచ్చలేదేమో, ఆపేద్దామా అని నేననుకుంటుండగా అడిగాడు.

"ఈళ్ళు ఊరికెప్పుడు పోతర్రా?"

"ఇది సిటీ కథ చిన్నాయనా" అన్నాను.

"సిటీ కథైతే? పండుగకు గూడ పోరా?"

నా దగ్గర జవాబు లేదు. నర్సింగరావు సినిమాల మీద నేను చదివిన వ్యాసాలు తక్కువేం కాదు. వాటిల్లో వాస్తవికత ఉంది, సమాంతర సినిమా ఉంది, 'దాసి'కి వచ్చిన అయిదు జాతీయ అవార్డులున్నాయి. ఈ ప్రశ్న మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇంటికొచ్చాక ఆయన సినిమాలన్నీ వరసగా మళ్ళీ చూశాను, ఈ ఒక్క ప్రశ్న పక్కన పెట్టుకుని. ఊరికీ నగరానికీ మధ్య ఎవరు పోతున్నారు, ఎవరు తిరిగొస్తున్నారు? ఇట్లా చూస్తే నర్సింగరావు ప్రయాణం నాకు వేరేగా కనబడింది. కొన్ని చోట్ల ఆయన మీద గౌరవం పెరిగింది. ఒక చోట మాత్రం పేచీ పడాలనిపించింది.

*

మొదట వీధి సంగతి చెప్పుకోవాలి. నర్సింగరావును సినిమా డైరెక్టరుగానే తలుచుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, ఆయన మొదటి తెర వీధే. గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మనిషి, హైదరాబాదుకు వచ్చి, 1970ల మొదట్లో 'ఆర్ట్ లవర్స్' పేరుతో కొందరు కుర్రాళ్ళను కూడగట్టారు. బస్తీల్లో పాట, ఆట, బుర్రకథ. గద్దర్ అట్లా ఆయనకు దొరికినవాడే. ఆ గుంపులోంచే తర్వాత జననాట్యమండలి వచ్చింది.

వీధి ప్రదర్శనకు ఒక నియమం ఉంటుంది. జనం నిలబడి చూస్తారు. నచ్చకపోతే నడిచి పోతారు. టికెట్టు లేదు కాబట్టి కూర్చోబెట్టే బలవంతమూ లేదు. ఆడేవాడి కళ్ళముందే ప్రేక్షకుడు ఉంటాడు, ప్రేక్షకుడి గొంతు ఆటలోకి వచ్చేస్తుంది. ఈ బడిలో చదువుకున్న మనిషి సినిమాలోకి వస్తే ఏం చేస్తాడు? మనకు ముందే ఒక ఉదాహరణ ఉంది. ప్రజానాట్యమండలిని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశారు. జమునను తెరకు పరిచయం చేసిన సినిమా అది. స్టేజీ మీద అంత పేరున్న రాజారావుకు సినిమాలో అలాంటి రెండో జీవితం దొరకలేదు. స్టేజీని నమ్ముకున్నవాళ్ళను సినిమా వ్యాపారం ఊరికే రానివ్వదు. నర్సింగరావు ఆ వ్యాపారాన్నే పక్కన పెట్టి మొదలుపెట్టారు.

1980లో విడుదలైన 'మా భూమి'కి ఆయన దర్శకుడు కాదు, నిర్మాత. దర్శకత్వం గౌతమ్ ఘోష్‌ది, ఆయనకు అదే మొదటి కథాచిత్రం. మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన నాటకం పేరూ 'మా భూమి'నే. కథలు వేరు, పేరు మోసే బరువు మాత్రం ఒకటే. నర్సింగరావు ఈ సినిమా రచనలోనూ భాగం, తెర మీదా కనబడతారు. సినిమాలో గద్దర్ పాడుతుంటే కెమెరా వీధి ప్రేక్షకుడిలా ఆగి చూస్తుంది. ఆర్ట్ లవర్స్ రోజుల వాసన అక్కడ నాకు బాగా తగులుతుంది.

ఇప్పుడు చిన్నాయన ప్రశ్న. రామయ్య ఊరు విడిచి పోతాడు. హైదరాబాదు చేరి కష్టం చేస్తాడు, అక్కడ మక్బూల్ పరిచయమవుతాడు, లోకం తెలుస్తుంది. ఊరికి తిరిగొస్తాడు. పోయినప్పుడు వెట్టివాడి కొడుకు, వచ్చినప్పుడు ఎదురు నిలిచే మనిషి. నగరం అతనికి ఏదో ఇచ్చి పంపింది. అయితే అదే సినిమాలో ఇంకో తిరిగి రావడం కూడా ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత దొరలు వేషం మార్చుకుని ఊళ్ళోకి వస్తారు. ఊరికి తిరిగొచ్చే హక్కు ఎవరిదన్నదే 'మా భూమి' అసలు తగాదా అని నాకు ఇన్నేళ్ళకు తట్టింది. టైటిల్లో ఉన్న భూమి అంటే దున్నుకునే చెలక మాత్రమేనా? మనిషి తిరిగొచ్చి నిలబడే చోటు కూడా.

*

దర్శకుడిగా మొదటి సినిమా 'రంగుల కల' (1983) నగరంలోనే ఉంటుంది. అందులో ఒక చిత్రకారుడు. బొమ్మలు కొనగలిగేవాళ్ళు ఒకవైపు, బొమ్మల్లో ఉండేవాళ్ళు ఒకవైపు, మధ్యలో ఇతను నలుగుతుంటాడు. ఆ పాత్ర నర్సింగరావే వేశారు. ఆయనకు నటుడు దొరకక వేసుకున్నారని నేననుకోను. తన మీద తాను వేసుకున్న ప్రశ్న అది, ఇంకొకరి చేత పలికిస్తే అబద్ధం అయ్యేది. ఆ సినిమాలోనే గద్దర్ 'భద్రం కొడుకో' ఉంది. పట్నంలో బతికే కొడుకు గురించి తల్లి పడే భయం ఆ పాట. నగరం మీద ఊరి గొంతు వినబడేది అక్కడ.

ఆ దశాబ్దంలోనే ఆయన రెండు డాక్యుమెంటరీలు తీశారు. ఒకటి 'ది సిటీ', ఇంకొకటి 'మా ఊరు'. నగరాన్ని ఒక కంటితో, పల్లెను ఒక కంటితో చూశారన్నమాట. రెండు చూపులూ గొప్పవే. ఆ రెంటి మధ్యా ఒక రోడ్డు ఉంది కదా, దాని మీద నెత్తిన మూటలు, చంకన పిల్లలు, లారీ వెనక గిన్నెలు. ఆ రోడ్డు ఎవరి వంతు? ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

*

'దాసి' (1988) గురించి రాయాలంటే నాకు గద్వాల కోట గుర్తొస్తుంది. ఆ కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తుంది. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. మా జిల్లాల్లో కోటలూ మహళ్ళూ చూస్తే భయం వేయదు. అక్కడ క్లాసులు ఎగ్గొట్టినవాళ్ళం మేము. సంస్థానాల చరిత్ర మాకు చెప్పింది కూడా కవుల చరిత్రగానే. విద్వద్గద్వాల అన్నారు. తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు అందుకున్నారన్నారు. అంతా నిజమే. గద్వాల పక్క ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్నవాళ్ళకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవుల లెక్క చెప్పారు. ఆ లెక్క అవసరమైనదే. దాని పక్కన ఇంకో లెక్క కూడా ఉండాలి గదా. ఆ ఇళ్ళల్లో నీళ్ళు మోసినవాళ్ళు, కాళ్ళు కడిగినవాళ్ళు, పక్కలు వేసినవాళ్ళు ఎంతమంది?

'దాసి' మా జిల్లా కథ అని చెప్పడం లేదు. 1920ల నాటి తెలంగాణ గడీ కథ అది. ఇరవై రూపాయలకు అమ్ముడుపోయి గడీ చేరిన ఆడమనిషి కమలాక్షి. పొద్దున లేచింది మొదలు పనులు. దొరకూ, దొర ఇంటికొచ్చిన చుట్టాలకూ ఆమె శరీరం ఒక మర్యాద. ఆమె కడుపులో దొర బిడ్డ పడితే, ఆ బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్న మాట కూడా ఆమెది కాదు. దొరసాని చెబుతుంది, అయిపోతుంది.

ఇక్కడ నర్సింగరావు చేసిన పని ఏమిటంటే, వీధిలో నేర్చుకున్నదంతా గడప బయటే విడిచి లోపలికి పోయారు. పాట లేదు, డప్పు లేదు, ఉపన్యాసం లేదు. ఎ.కె. బీర్ కెమెరా ఓపిగ్గా చూస్తూ ఉంటుంది. తోట వైకుంఠం కళా దర్శకత్వంలో గోడలు, తలుపులు, పాత్రలు ఉత్త సెట్టు సామాన్లలా ఉండవు, వాటికి యజమాని ఉన్నాడని తెలుస్తుంటుంది. సుదర్శన్ కుట్టించిన బట్టలు ఎంత ఒప్పాయంటే, తర్వాత ఆయన ఇంటిపేరే 'దాసి' అయింది, దాసి సుదర్శన్. అర్చనకు, ఈ ముగ్గురికి, సినిమాకు, మొత్తం అయిదు జాతీయ అవార్డులు.

కొందరు ఈ సినిమాను మెల్లగా ఉందంటారు. నేను కూడా మొదటిసారి అట్లాగే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ నెమ్మది కమలాక్షిది. తన కాలం తనది కాని మనిషి దినం అట్లాగే గడుస్తుంది. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన కళాకారుడు గడీ మీద సినిమా తీస్తూ కమలాక్షి చేత తిరుగుబాటు చేయించి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అప్పుడు సినిమా చూసి మనం తేలిగ్గా ఇంటికి పోతాం, ఆయనా తేలిక పడతారు. నర్సింగరావు ఆ తేలిక తీసుకోలేదు. ఆయన లోపలి నుంచి చూసిన ఇల్లు అది. అందుకే అబద్ధమాడలేదు. తెలుగులో ఇంత నిజాయితీ గల సినిమాలు నాకు చాలా తక్కువ తెలుసు.

చిన్నాయన ప్రశ్న ఇక్కడ అడగనే కూడదు. కమలాక్షికి ఊరికి పోవడమనేది లేదు. అమ్మిన ఊరు అది.

*

ఇప్పుడు 'మట్టి మనుషులు'. పల్లె నుంచి హైదరాబాదుకు వచ్చిన ఆలుమగలు, బిల్డింగు పనిలో కూలీలు. అర్చన, మొయిన్ అలీ బేగ్, నీనా గుప్తా. నగరం ఆ ఇద్దరి మధ్యకు ఎట్లా వచ్చి కూర్చుంటుందన్నది కథ. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

అర్చన ముఖం చూడండి ఒకసారి. 1987లో బాలు మహేంద్ర తమిళంలో తీసిన 'వీడు'లో ఆమె మద్రాసులో సొంత ఇల్లు కట్టుకోవాలని తపించే మధ్యతరగతి అమ్మాయి. మరుసటి ఏడు 'దాసి'లో గడీలో బందీ. 1990కి వచ్చేసరికి వేరేవాళ్ళ మేడకు మట్టి మోసే కూలీ. మూడేళ్ళలో ఒకే మనిషి ఇల్లు కట్టించుకుంది, ఒకరి ఇంట్లో ఊడిగం చేసింది, ఇంకొకరి ఇల్లు కట్టింది. నాకైతే 'మట్టి మనుషులు' 'దాసి'కి రెండో భాగం అనిపిస్తుంది. గడీ తలుపు తెరుచుకుంది, కమలాక్షి బయటికొచ్చింది, అరవై ఏళ్ళ తర్వాత హైదరాబాదులో తట్ట పట్టుకుని నిలబడింది. వెట్టి పోయింది, అడ్వాన్సు వచ్చింది.

అడ్వాన్సు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇవన్నీ 2016 దాకా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. కాంట్రాక్టర్ల భాషలో 'పాలమూరు లేబర్'. నాగార్జునసాగర్ నుంచి మొదలుకొని దేశంలో ఎన్ని కట్టల మీద మావాళ్ళ చెమట పడిందో. గుంపు మేస్త్రి అనేవాడు ఊళ్ళోవాడే. పండుగ ముందో, పెళ్ళి ముందో, ఇంట్లో రోగమొచ్చినప్పుడో డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు తీరేదాకా ఆలుమగలు ఆయన చెప్పిన చోటికి పోవాలి. లారీ ఎక్కేటప్పుడు ముసలోళ్ళు ఊళ్ళోనే ఉండిపోతారు, బడికి పోయే పిల్లలుంటే వాళ్ళూ అక్కడే. వానలు పడే ముందు తిరిగొస్తారు. చేను ఉంటే విత్తనం వేస్తారు. పంటలైపోయాక మళ్ళీ లారీ.

అంటే మావాళ్ళు పోయేవాళ్ళు మాత్రమే కారు, వచ్చేవాళ్ళు కూడా. పీర్ల పండుగకు బొంబాయి బస్సులు నిండిపోయి వస్తాయి. ఉగాదికి వస్తారు, చావుకు వస్తారు, ఓటుకు వస్తారు. అక్కడ పదకొండు నెలలు రేకుల కింద పడుకునేది ఇక్కడ నెల రోజులు మనిషిలా తిరగడానికే అని చిన్నాయన అంటుంటాడు. నగరంలో వాడు లేబరు. ఊళ్ళో ఫలానా ఆయన కొడుకు, పీరును ఎత్తుకునేవాడు. 'మట్టి మనుషులు' వాళ్ళ కష్టం చూసింది, మోసపోవడం చూసింది. ఈ రెండో మనిషిని చూడలేదు. తిరుగు దారి మీద దానికి ధ్యాస లేదు. నగరంలోకి వచ్చాక ఏమవుతుందన్నదే దానికి కావలసిన సంగతి.

నా పేచీ ఇదీ. గడీ లోపలి నుంచి తెలిసిన దర్శకుడు కూలీల గుడిసెను బయటి నుంచి చూశారు. దయగా చూశారు, గౌరవంగా చూశారు, అయినా బయటి నుంచే. బయటి నుంచి చూసేవాడికి కూలీ ఎప్పుడూ నగరంలోనే కనబడతాడు, ఎందుకంటే చూసేవాడు ఉండేది నగరంలో. 'దాసి'లో నిశ్శబ్దం లోపలి నుంచి వచ్చింది. ఇక్కడ అదే నిశ్శబ్దం కొన్నిచోట్ల దూరంలా వినిపించింది నాకు. మా లేబరు గుడిసెల కాడ అంత నిశ్శబ్దం ఎన్నడూ ఉండదు. అక్కడ కొట్లాట, పాట, తిట్లు, నవ్వులు.

ఇంత రాశాక నా మాట నేనే కొంచెం వెనక్కి తీసుకోవాలి. అందరికీ తిరుగు దారి ఉందా? శ్రీశైలం ప్రాజెక్టు కింద మా అలంపూర్, కొల్లాపూర్ వైపు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్ళీ కట్టారు. దేవుడికి ఇల్లు దొరికింది. మునిగిన ఊళ్ళవాళ్ళను "ఊరికెప్పుడు పోతరు" అని అడిగితే ఏం చెబుతారు? కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో పుట్టి నీళ్ళు లేక వలస పోయినవాళ్ళున్నారు, అదే నీళ్ళు ఊరి మీదికి వచ్చి వలస పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే 'మట్టి మనుషులు' చెప్పింది నిజం. రామయ్య తిరిగొచ్చాడు, ఈ జంటకు దారి కనబడలేదు. 1940ల నాటి నగరం మనిషికి ఆలోచన ఇచ్చి పంపింది, 1990 నాటి నగరం ఉన్న మనిషిని కూడా అరగదీసింది. ఈ తేడాను పదేళ్ళ వ్యవధిలో రెండు సినిమాలుగా మన ముందు పెట్టినవాడు నర్సింగరావే. నా ప్రశ్నకు పనికొచ్చే సరంజామా కూడా ఆయనే ఇచ్చారు.

*

గద్వాల దాటితే రాయచూరు. కన్నడంలో ఇలాంటి మనిషి బి.వి. కారంత్. ఆయనా స్టేజీ నుంచే సినిమాకు వచ్చారు, ఆయనకూ సంగీతం తెలుసు. 1975 'చోమన దుడి'లో దున్నుకోవడానికి చారెడు నేల దక్కని చోముడికి దుడి అనే వాయిద్యం ఉంటుంది. మాట చాలనప్పుడు అతను అది వాయిస్తాడు. కారంత్ స్టేజీ చప్పుడును సినిమాలోకి మోసుకొచ్చారు. నర్సింగరావు దాన్ని మెల్లమెల్లగా వదిలేస్తూ వచ్చారు. 'మా భూమి'లో నిండుగా ఉన్న పాట, 'రంగుల కల'లో అక్కడక్కడా ఉన్న పాట, 'దాసి'కి వచ్చేసరికి లేదు. రెండింట్లో ఏది గొప్పదన్న లెక్క నాకు వద్దు. పాటతో పాటు నిలబడి చూసే జనం కూడా పోయారన్నది మాత్రం నన్ను బాధిస్తుంది. 'దాసి', 'మట్టి మనుషులు' మాస్కో చలనచిత్రోత్సవం దాకా పోయాయి. మా చిన్నాయన దగ్గరికి రావడానికి ముప్పై ఏళ్ళు దాటింది, అదీ ఒక మేనల్లుడు కాని మేనల్లుడిలాంటి అన్న కొడుకు ల్యాప్‌టాప్‌లో.

ఈ తప్పు దర్శకుడి మీద వేయడం సులభం. అది న్యాయం కాదు. ఇలాంటి సినిమాలకు హాళ్ళు ఇవ్వని వ్యాపారం ఉంది, మంచి ప్రింటు దాచిపెట్టుకోలేని మనమున్నాం. 2003లో 'హరివిల్లు' తర్వాత ఆయన కథాచిత్రం కోసం ఎదురుచూసినవాళ్ళెందరు? మనం అవార్డుల లెక్క చదివి సంతోషపడ్డాం. తెలంగాణ యాసలో సినిమాలు వరసగా వస్తున్న రోజులివి. యాస వచ్చింది, దావత్ వచ్చింది, చావు ఇంటి ముచ్చట వచ్చింది. లారీ వెనక గిన్నెల మూట మాత్రం ఇంకా ఎవరి సినిమాలోకీ సరిగ్గా ఎక్కలేదు. నర్సింగరావు వదిలిన రోడ్డు అట్లాగే ఉంది. దాన్ని తీయాల్సింది ఇక ఆయన కాదు. ఆ లారీ ఎక్కిన ఇంట్లో పుట్టి, చదువుకుని, చేతిలో కెమెరా ఉన్న పిల్లలు తీయాలి. వాళ్ళకు ఆయన సినిమాలు చూపించడం మన పని. గడీని లోపలి నుంచి ఎట్లా చూశారో తెలిస్తేనే, గుడిసెను లోపలి నుంచి చూడటం వీళ్ళకు తెలుస్తుంది.

ఆ రోజు సినిమా అయిపోయాక చిన్నాయన చాలాసేపు ఏమీ అనలేదు. బాగుందా అని అడిగితే, "ఆ పిల్ల మంచిగ చేసింది, అచ్చం మనోళ్ళ లెక్కనే ఉంది" అన్నాడు అర్చన గురించి. ఊళ్ళో గోడ మీద ఒకసారి వేద్దామా, అందరూ చూస్తారు అన్నాను.

"ఇప్పుడెవరున్నర్రా ఊళ్ళె" అన్నాడు. "పీర్ల పండుగకు వస్తరు. అప్పుడెయ్యి."